ఎగరకూడని రోజు తెలిసిన మనిషి

మా మేనత్త పోయింది. నరసరావుపేటలో తన ఇంట్లోనే, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చింది, ఇక లేవలేదు. పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే పరుగెత్తాం. సాయంత్రానికి గురజాల వైపు నుంచి బస్సులో కాపలా బాబాయి వచ్చాడు. ఆవిడ విమానానికి ఇన్నేళ్లుగా కాపలా ఉన్న మనిషి. గుమ్మంలో నిలబడి, లోపలికి రాలేక, “విమానానికి గుడ్డ కప్పే వచ్చానమ్మా. తాళ్లు కూడా కట్టినా” అన్నాడు. ఆయనకు తెలిసిన పరామర్శ అదే.

పల్నాడులో ఉండేవాళ్లు కొందరైనా ఆ విమానాన్ని చూసే ఉంటారు. పసుపు రంగు రెక్కలు, ఇద్దరు మాత్రమే పట్టే చిన్నది. మిరపకోతల్లో ఉన్నవాళ్లు నడుం ఎత్తి చేతులు ఊపేవారు. లోపల ఉన్నది ఎవరో చాలామందికి తెలియదు. మా మేనత్త, లారీల యజమానురాలు, పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి.

చిన్న వయసులోనే భర్త పోతే రెండు లారీల భారం ఆవిడ మీద పడింది. ఒకదాన్ని మా నాన్న, అంటే ఆవిడ అన్న, తోలేవాడు. అన్నాచెల్లెళ్లు కలిసి మాచర్ల క్వారీల నుంచి రాళ్లు తోలించి నిలదొక్కుకున్నారు. యాభై దాటాక ఒకసారి హైదరాబాదులో ఎవరో తెలిసినవాళ్లు ఆవిడను చిన్న విమానంలో కాసేపు తిప్పారు. కిందికి దిగీదిగగానే, “నేర్చుకోటానికి నా వయసేమన్నా అడ్డమా?” అని అడిగిందట. అడ్డం కాదన్నారు. అంతే. నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, కొన్నాళ్లకు ఒక పాత విమానం కొంది. అనుమతుల కోసం తిరిగిన ఆఫీసుల సంగతి చెబితే అదొక పెద్ద కథ. గురజాల దాటాక ఒక ఫ్యాక్టరీ వాళ్లు ఎప్పుడో వేసి వదిలేసిన రన్‌వేను లీజుకు తీసుకుని, రేకుల షెడ్డు వేయించింది.

మా నాన్న మాత్రం ఎక్కనన్నాడు. “ఆరు చక్రాల లారీనే నమ్మలేం. మూడు చక్రాలదాన్ని నమ్మి పైకి పోతావంటే!” అనేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

సెలవు దొరికితే నేను ఆవిడ వెంట వెళ్లేదాన్ని. ఎగరడం అరగంట ఉంటే, అంతకుముందు నేల మీది పని గంట ఉండేది. టార్పాలిన్లు కుట్టే కొట్లో కుట్టించుకున్న ఖాకీ సంచి ఒకటి ఆవిడ భుజానికి వేలాడేది. ముందు రెక్కలను నేలకు బిగించిన తాళ్లు విప్పేది. చక్రాల కింది చెక్క అడ్డాలు మాత్రం ఎక్కబోయే ముందే తీసేది. రెక్క కింద గాలి వేగాన్ని కొలిచే సన్నటి గొట్టం ఉంటుంది. దానికి ఎర్ర తొడుగు. ఒకసారి ఆ తొడుగు వేయడం మరిచిన రెండు రోజులకే కుమ్మరి పురుగు దాంట్లో మట్టితో గూడు కట్టింది. “చూసినావా కోడలా, ఇంత పురుగు చాలు మనల్ని కూల్చటానికి” అంది, గూడును సన్న పుల్లతో గీకుతూ. టైర్లలో గాలి చూసే గేజీ, మంటలార్పే చిన్న సిలిండరు, చేతి రేడియో, ముందు చక్రానికి తగిలించి విమానాన్ని షెడ్డులోంచి లాగే ఇనుప కడ్డీ. ఇవన్నీ విమానంతో పాటు వచ్చినవి కావు. ఒక్కొక్కటే తెప్పించుకుంది, దొరకనివి చేయించుకుంది. “దీని నగలు ఇయ్యేనే” అనేది. ఒక మే నెల గాలివానకు షెడ్డు రేకులు లేచి పక్క చేలో పడ్డాయి. విమానం మాత్రం ఆవిడ కట్టిన తాళ్లతో కట్టినచోటే ఉంది.

“తొందరున్నోడు బస్సెక్కాల, దీన్ని ఎక్కకూడదు” అనేది. ఆ మాట ఆవిడకు ఎంత బరువైందో చూశాను కాబట్టే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాన్నకు కడుపులో క్యాన్సర్ వచ్చింది. ఇక మందులతో లాభం లేదని డాక్టర్లు ఇంటికి పంపారు. ఒకరోజు మేనత్త చూడటానికి వస్తే, ఆమె చెయ్యి పట్టుకుని, “చెల్లెమ్మా, ఒక్కసారి నన్ను పైకి తీసుకుపోవే. మనం రాళ్లు తోలిన దారులు పైనుంచి చూడాలని ఉంది” అన్నాడు. ఆవిడ డాక్టర్ను అడిగింది. కాసేపైతే ఫర్వాలేదన్నాడు.

మేం కారులో వెళ్లేసరికి మంచి ఎండ, ఆకాశంలో మబ్బు తునక లేదు. నాన్న ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. మేనత్త అన్నీ చూసుకుంటూ వచ్చి, చివరికి ట్యాంకు అడుగున ఉన్న చిన్న కొళాయి దగ్గర వంగింది. పెట్రోలును కొంచెం పట్టి చూడటానికి సంచిలో గాజులాంటి ప్లాస్టిక్ కప్పు ఒకటుంటుంది. పట్టి ఎండకు ఎత్తింది. పెట్రోలు కింద, కప్పు అడుగున, ముత్యమంత నీటిబొట్టు. అది డబ్బాలో పారబోసి మళ్లీ పట్టింది. మళ్లీ నీళ్లు. ఇంకోసారి. మళ్లీ.

కారు దగ్గరికి వచ్చి, “ఇవాళ ఎగరం అన్నా” అంది.

నాన్న కంటే ముందు అమ్మ అందుకుంది. “ఏందమ్మాయ్? చుక్క నీళ్లకా? ఈ మనిషిని ఇంత దూరం మోసుకొచ్చింది ఇందుకా?”

“నాకు కనపడింది చుక్క, వదినా. కనపడంది ఎంతుందో తెలవదు. పైన ఇంజను ఆగితే పక్కకు తీసి ఆపుకోటానికి అది రోడ్డు కాదు.”

“రేపటికి ఈయనకు ఓపిక ఉంటదని నువ్వు రాసిస్తావా?”

“రాసియ్యలేను. అయినా దీన్ని పైకి తీసుకుపోను.”

ట్యాంకు ఖాళీ చేసి, పైపులు కడిగి, మెకానిక్ వచ్చి సరేననాలి. అది ఆ రోజు తేలే పని కాదు. అమ్మ మొహం తిప్పుకుని చేల వైపు చూస్తూ నిలబడింది. నాన్నే కారులోంచి, “దాన్నేమనబాక. బ్రేకు చప్పుడు తేడాగా ఉందని నిండు లోడు దింపించిన మనిషది. అది వద్దంటే వద్దంతే” అన్నాడు. తర్వాత చిన్నగా, “ఊరికే దాంట్లో కూర్చోనా?” అన్నాడు.

కాపలా బాబాయి, నేను పట్టుకుని ఎక్కించాం. మేనత్త ఆయనకు బెల్టు బిగించి, చెవులకు హెడ్‌సెట్ పెట్టి, విమానంలోని రేడియో వేసింది. చేతి రేడియోను తన చొక్కాకు తగిలించుకుంది. చక్రాల కింది అడ్డాలు తీసి, ఇనుప కడ్డీ తెచ్చి ముందు చక్రానికి వేసింది.

“ఏం చేస్తన్నావత్తా?” అన్నాను.

“మా అన్నను తిప్పుకొస్తా. నువ్వా పక్క రెక్క కింది కమ్మీ పట్టుకుని నెట్టు.”

డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, వెనక్కి అడుగులేస్తూ లాగింది. విమానం కదిలింది. బాబాయి ఒక పక్క, నేను ఒక పక్క.

“అన్నా, వినపడతా ఉందా?”

“ఆఁ, వినపడతంది” అని నాన్న గొంతు ఆవిడ చొక్కా మీంచి వచ్చింది.

“లేచినాం. ఎడం పక్కకు చూడు. కృష్ణ. నీళ్లు తగ్గి రాళ్లు తేలినయ్.”

“క్వారీ దారి ఏదే?”

“అదిగో, తెల్లగా, జడపాయలాగా. మన లారీ ఒకటి పోతా ఉంది, వెనక దుమ్ము చూడు. దాచేపల్లి దాటాక నువ్వు టైరు పగిలి రోడ్డు పక్కన నిద్రపోయిన మలుపు కూడా కనపడతంది.”

నాన్న నవ్వాడు. చాలా రోజులకు విన్న నవ్వు. “అల్లంత దూరాన కొండవీడు కొండలు” అంటోంది ఆవిడ, రొప్పుతూ. అప్పుడు నా పక్కన ఇంకో చెయ్యి కమ్మీ మీద పడింది. అమ్మ. కొంగు నడుముకు దోపుకుని నెడుతోంది.

మెకానిక్ ట్యాంకు ఖాళీ చేస్తే అడుగున గ్లాసుకు పైగా నీళ్లు వచ్చాయట. ఆ సంగతి మేనత్త అమ్మకు చెప్పలేదు. నేనే చెప్పాను. విమానం సిద్ధమయ్యేసరికి నాన్న మంచం దిగే స్థితిలో లేడు. తర్వాత కొద్ది రోజులకే పోయాడు. పెద్దకర్మ నాడు అందరూ వెళ్లాక అమ్మ ఆవిడ పక్కన కూర్చుని, “ఆ రోజు తర్వాత ఆయన నాకు దక్కిన రోజులన్నీ నువ్విచ్చినయ్యే, అమ్మాయ్” అంది. మేనత్త తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

ఇప్పుడు ఆవిడను తలుచుకుంటే నాకు ఆకాశం గుర్తు రాదు. ఆ రోజు రన్‌వే చివరికి వచ్చాం. ముందు ఇక సిమెంటు లేదు, ముళ్ల చిల్లచెట్లే. మేనత్త ఆగి, వంగి ఊపిరి తీసుకుని, రేడియో నొక్కింది. “దిగుదామా అన్నా?”

అద్దం వెనక నాన్న కళ్లు మూసుకుని ఉన్నాడు.

“అప్పుడేనా? ఇంకొక్క చుట్టు ఏయవే, చెల్లెమ్మా.”

ఆవిడ చొక్కా చేతికి మొహం తుడుచుకుని, కడ్డీని రెండో వైపుకు తిప్పింది.