ఎర్ర రంగు పూసిన నాలుగు బత్తాయి చెట్లు

చెట్లకు వేరుకుళ్లు తెచ్చే శిలీంధ్రాల మీద పరిశోధన చేస్తున్నాను. నల్లగొండ దగ్గర ఒక బత్తాయి తోటంతా రెండేళ్లుగా ఈ తెగులుతో ఎండిపోతుంటే నాలుగు చెట్లు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. అవెట్లా తట్టుకున్నాయో తెలుసుకుందామని పోయిన నెల వాటికి ఎర్ర రంగు పూసి వచ్చాను. ఈ రోజు వెళ్తే నాలుగింటికీ మొదళ్లే మిగిలాయి.

"పెద్దనాయినా, మంచి చెట్లెందుకు కొట్టినవ్?" అని తోట రైతును అడిగాను.

"రోగమున్నయి తీసెయ్యమంటివి గద బిడ్డా. రోడ్డు పొంటి గూడ రంగేసినయే కొడతరాయె. పైకి పచ్చగున్నా లోపల రోగముందని గుర్తు పెట్టిపోయినవనుకున్న. ఇగ మిగిలినయన్న బతుకుతయా?"

రంగెందుకో ఆ రోజు ఆయనకు ఒక్క ముక్కా చెప్పలేదు నేను. శిలీంధ్రం రెండేళ్లలో చేయలేనిది నా రంగు డబ్బా నెలలో చేసింది. "చూద్దాం పెద్దనాయినా" అని బస్సెక్కేశాను. మీరైతే ఆయనకేం చెప్పేవారు?