ప్రొద్దుటూరు మార్కు సైకిలు

మొన్న మా వీధి తలుపుకు వార్నిష్ వేయించాను. ఆ వాసన వరండాలోకి రాగానే నా కుడిచెయ్యి తనంతట తానే లేచింది. చూపుడువేలు మడిచి, దాని కణుపుతో తలుపు అంచును తాకాను. వేలు కొంచెం అంటుకుని, చిన్న చప్పుడుతో విడివడింది. “ఇంకా ఆరలేదు సార్” అన్నాడు పనివాడు. ఆరలేదని నాకూ తెలుసు. ఎంతవరకు ఆరిందో వేలితో తెలుసుకోవడం నాకు నేర్పినవాడు ప్రొద్దుటూరులో సైకిలు షాపు పెట్టుకున్న మస్తాన్ మామ. లోపలికి వెళ్లి పాత డైరీల పెట్టె తెరిచాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు నాకు మశూచి టీకాలు వేసే ఉద్యోగం వచ్చింది. పులివెందుల చుట్టుపక్కల పల్లెలు తిరగాలి. ఫలానా సోమవారం సొంత సైకిలుతో ఆఫీసరు ముందు హాజరు కావాలనీ, లేకుంటే ఆ చోటు జాబితాలో తరువాతివాడికి ఇస్తామనీ ఉత్తర్వు. చేతిలో ఉన్నవి పన్నెండు రోజులు. మాది జమ్మలమడుగు. ఇంట్లో సైకిలు లేదు. మా మేనమామ పడుచుతనంలో తొక్కిన ఇంగ్లీషు సైకిలొకటి గొడ్ల కొట్టంలో దూలానికి వేలాడుతూ ఉండేది. కావాలంటే తీసుకుపొమ్మన్నాడు. దాన్ని బస్సు మీద వేసుకుని ప్రొద్దుటూరు చేరాను.

మస్తాన్ మామకు అప్పటికే యాభై దాటాయి. విరిగిన కళ్లజోడు కాడకు బదులు దారం కట్టుకుని చెవికి తగిలించుకునేవాడు. నేను దించిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఏందప్పా ఇది? సైకిలు తెస్తావనుకుంటే తుప్పు తెచ్చినావు” అన్నాడు. తరువాత ఫ్రేమును పానాతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఇనుము బాగుందనీ, పని మాత్రం నేనే చేయాలనీ చెప్పాడు. పల్లెల దారుల్లో చెడిపోతే తాను రాలేడు గదా అని ఆయన వాదన. నాలుగు రోజులు కిరసనాయిలులో తడిపిన గరుకు కాగితంతో గొట్టాలు రుద్దాను. సాయంత్రం ఆయన కళ్లు మూసుకుని, ఫ్రేమంతా వేళ్లతో తడిమి, గరుకు తగిలిన చోటల్లా సుద్దముక్కతో గీత గీసేవాడు. మొదటి రోజు పదిహేడు గీతలని డైరీలో ఉంది. నాలుగో రోజు ఒక్కటీ లేదు.

ఎర్ర పూత, దాని మీద రెండు నల్ల పూతలు పడ్డాక ఫ్రేము మెరిసింది. ఇక కంపెనీ పేరు మిగిలింది. అది అలంకారం కోసం కాదు. కొత్తగా రంగు వేసి, ఏ పేరూ లేని సైకిలు కనిపిస్తే దొంగ బండి అనుకునే రోజులవి. కిందటి నెలలో అట్లాంటి సైకిలుతో వచ్చినవాణ్ణి ఆఫీసరు వెనక్కి పంపాడట. మామ దగ్గర ఆ కంపెనీ మార్కు కాగితం ఒక్కటే ఉంది, ఎప్పుడో మద్రాసు నుంచి వచ్చింది. గొట్టానికి పలుచగా వార్నిష్ పూసి, అది సగం ఆరి జిగురు పట్టాక కాగితం బోర్లా అంటించి, వెనుక తడిపి లాగితే అక్షరాలు గొట్టం మీద నిలుస్తాయి. వార్నిష్ నేను పూశాను. శుక్రవారం. తాను నమాజుకు పోయి వచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పి వెళ్లాడు. నేను ఆగలేదు. పచ్చి వార్నిష్ మీద అక్షరాలు జారి, ముడుచుకుని, ముద్దయ్యాయి.

ఆయన వచ్చి చూశాడు. తిట్టలేదు. “తొందర ఎవురిది?” అని అడిగాడు. నాదేనన్నాను. “అయితే ఈడ కూచో.” ఒక పాత గొట్టానికి వార్నిష్ పూసి నా ఒళ్లో పెట్టాడు. కణుపుతో తాకుతూ ఉండమన్నాడు. వేలికి మరక అంటితే పచ్చి, ఏమీ అంటకపోతే మించిపోయింది, విడిపోతూ చప్పుడు చేస్తే అదీ సమయం. ఆ చప్పుడు వినేసరికి పొద్దు వాలి, అసరు నమాజు పిలుపు వినిపించింది.

కుంచెతో కంపెనీ పేరు రాసేయమని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు.

“వాళ్ల పేరు మనమెందుకు రాయాలప్పా? వాళ్లు చేసిన బండిని తుప్పు తినేసింది. ఇది ఈడ చేసిన బండి. ఈ ఊరి పేరు రాస్తా.”

గుండ్రటి గొట్టం మీద కుంచె కుదురుగా సాగదు. అందుకని కాగితానికి తుమ్మబంక పూసి ఆరబెట్టి, మార్కు కాగితం తానే తయారు చేశాడు. ఆయనకు తెలుగు చదవడం అంతంత మాత్రమే. బోర్లా అంటించేది కాబట్టి, నేను రాసిచ్చిన పేరును వెనుకవైపు నుంచి కనిపించేలా ఎండకు తిప్పిపట్టి, బంగారు రంగుతో కుడి నుంచి ఎడమకు తిరగేసి దించాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే నవ్వాడు. “ఉర్దూ రాసే చెయ్యిది. నాకిదే సరైన దారి. తిరగేసి రాస్తాండేది మీరు.”

శనివారం కాగితం నా చేతికిచ్చి పక్కకు జరిగాడు. మూడుసార్లు తాకాను. నాలుగోసారి వేలు చప్పుడు చేసింది. అంటించి, తడిగుడ్డతో ఒత్తి, మెల్లగా లాగాను. ‘ప్రొద్దుటూరు’ అని నల్ల గొట్టం మీద బంగారు అక్షరాలు ఒక్కటీ చెదరకుండా నిలిచాయి. మామ పక్క షాపువాళ్లందరినీ పిలిచి చూపించాడు.

ఆదివారం తెల్లవారగానే బయలుదేరి, జమ్మలమడుగులో అమ్మకు చూపించి, పొద్దు వాలేసరికి పులివెందుల చేరాను. సోమవారం ఆఫీసరు వరుసగా సైకిళ్లు చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. ఆయనది కృష్ణా జిల్లా. “ఇదేం కంపెనీ అయ్యా? ప్రొద్దుటూరులో సైకిళ్లు ఎప్పట్నించి చేస్తున్నారు?”

“పోయిన వారం నుంచి సార్” అన్నాను.

వరుసంతా నవ్వింది. గొడ్ల కొట్టం మొదలు ముద్దయిన కాగితం దాకా జరిగిందంతా చెప్పి, మేనమామ పేరూ ఊరూ ఇచ్చాను. ఆయన వెనుక చక్రం ఎత్తి తిప్పాడు. వంగి అక్షరాల అంచును గోటితో గీకాడు. అవి లేవలేదు. “తెలుగు రాష్ట్రం వచ్చింది గానీ, తెలుగు పేరున్న సైకిలు చూడ్డం ఇదే మొదలు” అంటూ సంతకం పెట్టాడు. తరువాత గొంతు తగ్గించి, ఆ షాపు ఎక్కడని అడిగాడు. మూడు నెలలు తిరిగేసరికి మా ఆఫీసు ముందు ‘ప్రొద్దుటూరు’లు అయిదు నిలబడ్డాయి. వాటిలో ఒకటి ఆఫీసరుగారిది.

ఈ సంగతి చెప్పినప్పుడు మామ పంక్చరు వేస్తున్నాడు. “పోయిన వారం నుంచి అన్నావా?” అని దారం ఊడి కళ్లజోడు జారేదాకా నవ్వాడు.

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, పిల్లవాడి చెయ్యి కడిగాక అది ఆరేదాకా నేను టీకా సూది ఎత్తలేదు. కోపంగా రాసిన ఉత్తరాన్ని ఆ రోజే డబ్బాలో వేయలేదు. ఆ ఏటి డైరీలో, శనివారం పేజీలో, ఆనాడు లాగేసిన కాగితం ఇప్పటికీ ఉంది. దాని మీద సన్నగా బంగారు మరకలు, తిరగబడిన అక్షరాలు. మొన్న తలుపు ఆరేలోగా దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, వెనుకవైపు నుంచి చదివాను. ఊరి పేరు చక్కగా కనిపించింది.