ఇవాళ్టి ఒంటికి

మధ్యాహ్నం కాగానే టైలరమ్మ మిషన్ ఆపి డబ్బా విప్పుతుంది. కొంచెం అన్నం, దానికి రెట్టింపు కూర, ఒక గుడ్డు. ఒక్కో ముద్దా నింపాదిగా నమిలి తింటుంది. భారీ మనిషి, లేవాలంటే బల్ల పట్టుకోవాలి. పోయినేడు అక్క మాట విని, తిండి మానేసి పూటపూటా ఏదో పొడి కలుపుకుని తాగింది. తగ్గిందనే అన్నారంతా. జుట్టు మాత్రం దువ్వెనలోకి వచ్చేసింది, ఒకరోజు కళ్లు తిరిగి మిషన్ మీదే వాలిపోయింది. పొడి మానగానే పోయిన ఒళ్లు ఇంకాస్త తోడు తెచ్చుకుని మరీ వచ్చింది. ఇప్పుడు అన్నీ తింటుంది, కొట్టు నుంచి ఇంటికి నడిచే వెళ్తుంది. తగ్గుతోంది, కానీ ఎదుటివాళ్లకి కనపడేంత కాదు.

మేనకోడలి పెళ్లికని తనకోసం నీలం జాకెట్టు గుడ్డ పరిచి కత్తిరించబోతుంటే, అక్క కొత్త పొడి డబ్బాతో ఊడిపడింది.

“నాలుగంగుళాలు తగ్గించి కుట్టుకోవే. ఇది తాగితే పెళ్లినాటికి పడుతుంది. లేకపోతే ఫోటోల్లో డ్రమ్ములా ఉంటావు. నీ మంచికే చెప్తున్నా.”

టైలరమ్మ చెంపలు వేడెక్కాయి. టేపు అక్క చేతిలో పెట్టి, చేతులు ఎత్తి నిలబడింది. “కొలవక్కా. గట్టిగా చదువు.”

కొట్టులో ఉన్న కస్టమర్లు తల తిప్పి చూశారు. అక్క గొణుగుతూ చదివింది. టైలరమ్మ ఆ కొలతకి, ఊపిరాడ్డానికని మరో అంగుళం కలిపి సుద్దతో గీత గీసింది.

“తగ్గితే కుట్లు లోపలికి వేసుకుంటాను, నాకదెంత పని? పెళ్లిలో మాత్రం కడుపునిండా తింటా. ఫోటోలో ముందు వరసలోనే నిలబడతా.”

అంటూనే గుడ్డలో కత్తెర దింపింది.