వెనుక స్ప్రింగు లేని బండి

నగేశ్ కావాలనే పడ్డాడని మా క్వార్టర్ల లైనులో అనని నోరు లేదు. బొగ్గు బాయి పనికి పోవాల్సి వస్తుందని, వెనుక స్ప్రింగు లేని సైకిల్‌ను ఏరికోరి తెచ్చుకొని, నర్మెట్ట దిక్కు గుట్టల్లో తనను తానే పడేసుకున్నాడట. ఈ మాట మొదట నల్లా దగ్గర మా లైను సుమలత నోట విన్నాను. "తండ్రి నడుం పెట్టి సంపాయించిన నౌకరిని కొడుకు నడుం ఇరగ్గొట్టుకొని పోగొట్టిండు" అన్నది బిందె కడుగుతూ. పొద్దుగూకేసరికి అదే మాట తిరిగి తిరిగి నా గడప ముందుకొచ్చింది, మొదలు నేనే అన్నట్టుగా. నేను అనలేదు. అసలు సంగతేమిటో తేల్చుకునేదాకా నాకు ముద్ద దిగలేదు. ఇందులో ఉన్నదంతా ఆ ఇంటివాళ్లు రాసుకొమ్మన్నాకే రాస్తున్నాను.

మా భూపాలపల్లి సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. బొగ్గు బాయిలో చేసే మనిషి ఇక పనికి రాడని డాక్టర్లు తేలిస్తే, ఆ నౌకరి అతని పిల్లల్లో ఒకరికి ఇస్తారు. అయితే ఆ పిల్లవాడు కూడా డాక్టర్ల ముందు నిలబడి, గట్టిగా ఉన్నాననిపించుకోవాలి. లేదంటే నౌకరీ పోతుంది, దానితోపాటు తలదాచుకున్న క్వార్టరూ పోతుంది. అందుకే ఆ మెడికల్ పరీక్షకు పోవలసిన పిల్లవాణ్ని మా లైనులో పెండ్లిపిల్లను చూసినట్టు చూస్తాం. బిందె ఎత్తనివ్వం, నిచ్చెన ఎక్కనివ్వం. ఎవరింట్లో కూర వండినా ఆ ఇంటికి ఒక గిన్నె పోతుంది.

నగేశ్ తండ్రి దుర్గయ్య మా పక్కింటివాడే. బాయి లోపల బొగ్గు ఎత్తిపోసే లోడర్ బండి నడిపేవాడు. ఆ కుదుపులకు నడుం పూసలు అరిగిపోయాయి. ఇప్పుడు మంచం మీది నుంచి లేవాలంటే ముందు పక్కకు దొర్లాలి, తరువాత మోచెయ్యి ఆనించాలి, ఆ తరువాత భార్య స్వరూప వచ్చి లేపాలి. అతని నౌకరి కొడుక్కు రావలసి ఉంది. కూతురు తేజస్విని హనుమకొండలో నర్సింగు చదువుతూ ఉండేది, ఆఖరు ఏడు.

నగేశ్‌కు సైకిల్ తప్ప వేరే లోకం లేదు. రోడ్డు మీద తొక్కేది కాదు, గుట్టలెక్కి దిగే సైకిల్. బాయి తవ్వి పోసిన మట్టి గుట్టల మీదనే నేర్చుకున్నాడు. ఒంటి నిండా దుమ్ముతో వచ్చి మా అరుగు మీద కూలబడి మంచినీళ్లడిగేవాడు. వచ్చే సీజన్ పందాలకు కొత్త బండి ఇప్పిస్తాం, ఏది కావాలో చెప్పమని హనుమకొండ సైకిల్ క్లబ్బువాళ్లు అన్నప్పటి నుంచి, ఇంకా బజారులోకి రాని బండ్ల బొమ్మలన్నీ ఫోనులో నాకు చూపించేవాడు. నేను అడగకుండా ఉండేదాన్నా?

"రెండూ ఒక్కతీరే ఉన్నయి గదరా. ఫరకేంది?"

"గిది ఫుల్ సస్పెన్షన్ అవ్వా. ముంగట, ఎనుక రెండు దిక్కుల స్ప్రింగు ఉంటది. రాళ్ల మీద దిగుతుంటె దెబ్బంత అదే మింగుతది."

"మరి గిది?"

"హార్డ్‌టెయిల్. ముంగటనే స్ప్రింగు. ఎనుక ఏం లేదు, ఉత్త కట్టె లెక్క. తేలికుంటది, గుట్ట ఎక్కేటప్పుడు దౌడు తీస్తది. దిగేటప్పుడే ఎనుక నుంచి గాడిద లెక్క తంతది."

"పందెంల ఎక్కుడెక్కువనా, దిగుడెక్కువనా?"

"ఎంత ఎక్కితె అంత దిగాలె గదనే!" అని పడి పడి నవ్వాడు.

"అయితే గాడిదెందుకురా నీకు? స్ప్రింగులదే తెచ్చుకో."

"నేను గూడ గదే అనుకుంటున్న."

ఆ రోజే తన పాత బండి బ్రేకు నా చేత పట్టించాడు. "గట్టిగ పట్టకు, ఒక్క వేలు సాలు" అన్నాడు. చూపుడు వేలుతో అలా నొక్కానో లేదో, ముందుకు తోస్తున్న బండి మేకు కొట్టినట్టు నిలబడిపోయింది.

కొత్త బండి వచ్చింది. చూద్దును గదా, వెనుక స్ప్రింగు లేదు. అడుగుదామనుకునేలోపే మెడికల్‌కు పిలుపొచ్చింది. స్వరూప ఆ బండిని లోపలి అర్రలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి కొంగుకు కట్టుకున్నది. సరిగ్గా మెడికల్‌కు ముందే నర్మెట్ట పందెం పడింది. "పోనియ్యే. బాయిల పడ్డంక మళ్ల గుట్టలెక్కడియి ఆనికి?" అని దుర్గయ్యే ఆమె కొంగు ముడి విప్పించాడు.

పందెంలో పడ్డ నగేశ్‌ను అక్కడి గుట్ట కింది రాళ్లలో నుంచి తడికె మీద మోసుకొచ్చారు. వరంగల్ దవాఖానలో నడుం పూస విరిగిందన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. నడుస్తాడు గానీ బరువు పని పనికిరాదన్నారు. మెడికల్ బోర్డు ఇంకో మాట లేకుండా పక్కన పెట్టింది.

ఇల్లు నిలబడాలంటే ఇక మిగిలింది తేజస్విని. చదువు విడిచి వచ్చింది. గట్టిగానే ఉన్నదని డాక్టర్లు రాశారు. ఇప్పుడు బాయి మీద, లోపలికి దిగేవాళ్లకు తల లైట్లు అందించే గదిలో పని చేస్తోంది. సూది పట్టవలసిన చేతులకు గ్రీజు మరక పోవడం లేదు. వచ్చిన నాటి నుంచి అన్నతో మాట్లాడదు. కంచం వాని ముందు పెట్టి, వాడు తలెత్తేలోపే వెనుదిరుగుతుంది. ఆ ఇంటి దండెం మీద ఇప్పుడు రెండు నడుం బెల్టులు ఆరుతుంటాయి, ఒకటి తండ్రిది, ఒకటి కొడుకుది. రెండూ ఒకే రంగు. ఏది ఎవరిదో స్వరూప కూడా పట్టి చూస్తే గానీ చెప్పలేదు.

నాకు మాత్రం ఆ వెనుక స్ప్రింగు దగ్గరే మనసు చిక్కుకుపోయింది. ఒకనాడు కరివేపాకు వంకతో పోయి స్వరూపను పట్టుకున్నాను.

"స్ప్రింగులదే తెచ్చుకుంట అన్నడు గదనే నాతోని. మధ్యల మార్పించిందెవలు?"

స్వరూప మంచం దిక్కు చూసింది. మంచం మీది నుంచి దుర్గయ్యే అందుకున్నాడు.

"ఆమెనేం అడుగుతవక్కా? నేనే వద్దన్న."

"నువ్వా? నీకేం తెలుసు సైకిళ్ల సంగతి?"

"సైకిల్ తెల్వది. స్ప్రింగు తెలుసు." దొర్లి గోడకు ఆనుకున్నాడు. "లోడర్ బండి సీటు కింద స్ప్రింగే గద ఉండె. కొత్తల ఉయ్యాల లెక్కుండె. అది సచ్చినంక, గుంతల పడ్డప్పుడల్లా కింది దాక కూలేసి మళ్ల మీదికి ఇసిరేది. దాన్ని నమ్మి ఒళ్లిడిచి కూసున్న. నా నడుం తిన్నది గదే. ఎనుక గట్టిగుంటె మనిషి సోయిల ఉంటడు, కాళ్ల మీద లేస్తడు అనుకున్న. స్ప్రింగు జోలికి పోకురా అని ఒట్టేపిచ్చుకున్న."



"లైనంత ఆన్ని తిడుతుంటె నీ నోరెటు పోయింది దుర్గయ్యా?"

"సెప్పబోయిన. 'నువ్వు నోరిప్పితె ఇల్లిడిసి పోత బాపు' అన్నడు. నా నడుం కథ జెప్పి, ఆని నడుం ఇరగ్గొట్టిన అక్కా."

కరివేపాకు అక్కడే మరిచిపోయి బయటికి వచ్చాను. షిఫ్టు దిగి తేజస్విని అప్పుడే గేటు తీస్తోంది. ఆగలేకపోయాను. అక్కడే నిలబెట్టి అంతా చెప్పాను. బండి ఎంచింది మీ బాపు, మీ అన్న కాదు, లోకం కూసిందంతా అబద్ధమన్నాను. పిల్ల మొహం విప్పారుతుందనుకున్నాను. అది బూటు లేసులు విప్పుకుంటూ విన్నది.

"బాపు చెప్పింది బండి సంగతి అవ్వా. పడుడు సంగతి కాదు."

"రెండూ ఒకటి గాదానె?"

"కాదు. ఇంతమందినడిగినవు, అన్ననడిగినవా?"

అడగలేదు. లైనులో ఎవరమూ అడగలేదు.

"ఆడు కాదంటె సాలు. రేపటి సంది ఆని పక్కన కూసోనే తింట. చదువు పోతె పాయె, ఇగ ఆ ముచ్చటే తియ్య. కాదని ఆని నోట వినాలె" అన్నది.

నగేశ్ పెరట్లో ఉన్నాడు. గోడ మేకుకు వేలాడదీసిన బండి కింద, ముక్కాలి పీట మీద నిటారుగా, కదలకుండా కూర్చున్నాడు. వాళ్ల నాయిన కూర్చున్నట్టే. బండి ముందు చక్రం వంకర పోయి ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. వెనుక తలుపు దగ్గర తేజస్విని నిలబడ్డది వానికీ కనపడే ఉంటుంది.

"నగేశా, బాపు అంత చెప్పిండు. ఇగ నువ్వొక్క మాట చెప్పు బిడ్డా. ఉన్నదున్నట్టు చెప్పు, రేపటి సంది లైనుల ఎవరన్న నోరు లేపితె నేను చూసుకుంట. కావాల్నని పడ్డవా?"

వాడు నా మొహం చూడలేదు. తలుపు దగ్గర నిలబడ్డ చెల్లెలి బూట్ల దిక్కు చూశాడు, చాలాసేపు.

"బాపు మీద ఒక్క మాట పడొద్దవ్వా. బండి మీద గూడ. అది తన్నింది నిజమే, గా దిగుడుల అందరి బండ్లూ తన్నినయి, అందరు బ్రేకు పట్టుకుంట దిగిండ్రు. పడాల్నని నేను అనుకోలే. కానీ ఎనుక చక్రం లేసినప్పుడు బాయి యాదికొచ్చింది. ఒక్క వేలు సాలని నీకు చెప్పిన గద? గా వేలు బ్రేకు మీదనే ఉండె. పట్టలే."