మూడు సుద్ద గుండ్రాలు

మా ఇంట్లో మొదటి సెకండ్ హ్యాండ్ సామాను నేనే. నా భార్య రజిత కన్నా ముందు వేరే ఊరి అమ్మాయి పెళ్లిచూపుల్లో నన్ను చూసి, పైనుంచి కిందిదాకా ఇంకోసారి చూసి, వద్దని వెనక్కి పంపింది. ఆ తర్వాత రెండేళ్లు మూలకు పడి ఉన్నాక రజిత ఒప్పుకుంది. పాత సామానులో పనికొచ్చేది ఏదో కనిపెట్టే చూపు ఆమెకు అప్పటికే ఉందని నేను అందరికీ చెప్పుకుంటాను.

ఏడో తరగతిలో బడి మానేశాను. దయ్యాలను నమ్మడం అంతకన్నా ముందే మానేశాను. ట్రాలీ ఆటో నడిపేవాణ్ణి, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలేవాణ్ణి. శ్మశానాల పక్క నుంచి ఎన్నిసార్లు వచ్చానో లెక్క లేదు. ఇన్నేళ్లలో నన్ను ఆపింది పోలీసులే. కాబట్టి ఎవరినీ భయపెట్టడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. అదీ పట్టపగలు జరిగింది.

ధర్మసాగర్ వైపు పోయే రోడ్డు పక్కన రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. కప్పు పూర్తయ్యేసరికి చేతిలో ఉన్నదంతా అయిపోయింది. లోపల ఒక చాప, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. గృహప్రవేశం నాడు రజిత వాళ్ల అక్క ముందుగదిలో నిలబడి, "ఏందే రజితా, మాట్లాడితే సెలవుల్లో బడి లెక్క మోగుతాంది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే నా తప్పు.

వాళ్లు పోయాక రజిత ఒకే మాట చెప్పింది. ఈ గది గదిలా అయ్యేదాకా తన పుట్టింటివాళ్లను గడప తొక్కనివ్వనంది. నిజంగానే ఏడాదిపాటు ఎవరినీ పిలవలేదు. అక్క ఫోన్ చేసి వస్తానంటే, ఇంటికి సున్నం వేస్తున్నారని చెప్పేది. ఆ ఏడాది మా ఇంటికి నాలుగుసార్లు సున్నం పడింది, ఫోన్లో.

అందరూ సామాను కొన్నాక ఎక్కడ పెట్టాలా అని చూస్తారు. రజితది ఉల్టా. గదిలో ఒక మూల కూర్చుని చాలాసేపు చూసేది. తర్వాత సుద్దముక్క తీసుకుని షాబాదు బండల మీద గీత గీసేది. ఇక్కడ కుర్చీ, ఇక్కడ బీరువా. గోడ మీద కోడిగుడ్డు ఆకారం, అద్దానికి. పాత చీర అంచు చించి, కొలతకో ముడి వేసి, దాన్ని పట్టుకుని పాత సామాన్ల దుకాణాలు తిరిగేది. ముడికి సరిపోకపోతే ఊరికే ఇచ్చినా తెచ్చేది కాదు. తడిబట్ట పెట్టేటప్పుడు గీతలను తప్పించి తుడిచేది. నేను పొరపాటున తొక్కితే, లేని కుర్చీకి నా కాలు తగిలినట్టు అరిచేది.

కేన్ కుర్చీ స్టేషన్ రోడ్డులో ఒక తుక్కు దుకాణంలో దొరికింది. కూర్చునే చోట అల్లిక తెగిపోయి ఉంది. అద్దం హనుమకొండలో అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ల దగ్గర దొరికింది. అద్దాల బీరువా నెక్కొండలో ఒక రైతు కొట్టంలో, విత్తనాల ప్యాకెట్లు మోస్తూ కనిపించింది. మూడూ నా ట్రాలీలోనే వచ్చాయి కాబట్టి ఎక్కడివో నాకు బాగా తెలుసు. మూడూ వాటి గీతల మీద కొలిచి చేయించినట్టు కూర్చున్నాయి.

బీరువాను గరుకు కాగితంతో వారం రోజులు రుద్దింది. పచ్చ పెయింటు కింద నుంచి టేకు చెక్క బయటపడితే, నేను సంతలో దూడను చూసినట్టు చుట్టూ తిరిగి చూశాను. తన పాత నేత చీరలతో కిటికీకి పరదాలు కుట్టింది. మిర్చి బస్తాలను మూడు నీళ్లలో ఉతికి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా చేసింది. నాలుగో నీళ్లు కూడా పెట్టాల్సింది. దాని మీద కాలు పెట్టిన ప్రతివాడూ తుమ్మేవాడు. మాకు కాలింగ్ బెల్ ఖర్చు తప్పింది.

ఒక్కటే నాకు నచ్చలేదు. కుర్చీని వాకిలికి వీపు పెట్టి వేసింది. ఎందుకని అడిగితే, "ఏమో, గట్లనే ఉండాలె అనిపిస్తాంది" అంది.

ఇక కిటికీ కింద మూడు చిన్న సుద్ద గుండ్రాలు మిగిలాయి. అక్కడ పొట్టి స్టూల్ రావాలట, మూడు కాళ్లది, నీలం రంగుది. నేను నాలుగు కాళ్ల ప్లాస్టిక్ స్టూల్ తెస్తే, ఒక కాలు ఎక్కువైందని బాత్రూంలోకి పంపింది.

కుర్చీ అల్లడానికి యాకూబ్ చాచా వచ్చాడు. ఊళ్లో కేన్ అల్లేవాళ్లు తక్కువైపోయారు, ఎవరో చెబితే వెతికి పిలిచాను. పొద్దున పదకొండు గంటలైంది. చెప్పులు విడిచి, పట్టా మీద నిలబడి, తుమ్మి, తలెత్తి లోపలికి చూశాడు. అంతే, అడుగు ముందుకు పడలేదు.

"టీచరమ్మ లేదా ఇంట్ల?" అన్నాడు.

"ఏ టీచరమ్మ చాచా?" అన్నాను.

ఆయన అలాగే గుమ్మంలో కూలబడ్డాడు. రజిత నీళ్లు తెచ్చిచ్చింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు. హనుమకొండలో ఒక టీచరమ్మ ఒంటరిగా ఉండేదట. ఏళ్ల తరబడి ఆమె కుర్చీ అల్లింది ఈయనే. ఆమె పోయాక చుట్టాలు సామానంతా తలోచోటికి అమ్మేశారు. కుర్చీ, అద్దం, బీరువా ఆమెవేనట. ఇదే వరసలో ఉండేవట. వాకిలికి వీపు పెట్టి నోటు పుస్తకాలు దిద్దుకుంటూ, వచ్చే పిల్లలను అద్దంలో చూసి పేరు పెట్టి పిలిచేదట.

నేను అంత తేలిగ్గా నమ్మేవాణ్ణి కాదు. సామాను వాపస్ అడగడానికి కథ అల్లుతున్నాడేమో అనుకున్నాను, అల్లడం ఆయన పనే కదా. రుజువేంటని అడిగాను. బీరువా ముట్టుకోకుండానే, కింది అరలో ఇస్త్రీ పెట్టె కాలిన మచ్చ ఉంటదన్నాడు. రజిత ఆ అరలో కాగితం పరిచి ఉంచింది. ఎత్తి చూస్తే మచ్చ ఉంది. కుర్చీ తిరగేస్తే, అల్లిక చివర తాను వేసే ఎర్ర దారం ముడి కూడా ఉంది.

నాకు నవ్వు రాలేదు. బడి మానేసి పారిపోయినందుకు టీచరమ్మే మా ఇంటికి వచ్చిందేమో అని ఒక జోకు తట్టింది కానీ, రజిత మొహం చూసి మింగేశాను. ఏడాది తిరిగి, చేతులు పగలగొట్టుకుని సర్దిన గది అది. ఆమె గోడకు ఆనుకుని, "అయితే గిది నా ఇల్లు కాదా చాచా? ఇంకొకరి ఇల్లు నేను సర్దిననా?" అంది. రేపే అన్నీ అమ్మేస్తానని కూడా అంది.

చాచా కిటికీ కింది గుండ్రాలను ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. రెండు గంటలకు గోనెసంచిలో ఏదో చుట్టుకుని మళ్లీ వచ్చాడు. విప్పితే పొట్టి స్టూల్. మూడు కాళ్లు. నీలం రంగు. టీచరమ్మ ఇంట్లో కిటికీ కింద ఉండేదట, కుర్చీ అల్లేటప్పుడు కూర్చోవడానికి ఆమె ఆయనకు ఇచ్చేసిందట. కిటికీ కింద పెట్టాడు. మూడు కాళ్లూ మూడు గుండ్రాల్లో నిలబడ్డాయి. నేను వంగి చూశాను. కాళ్ల చుట్టూ సుద్ద గీత సమంగా కనిపిస్తోంది.

అప్పుడు చాచా పరదా పట్టుకుని అన్నాడు: "గిది మాత్రం టీచరమ్మది కాదు బిడ్డా. కిటికీల నుంచి ఎండ అద్దం మీద పడి కండ్లల్ల కొడతాందని పాపం ఎన్నేండ్లు తిప్పలు పడ్డదో. పరదా కట్టాలని తోచలే. నువ్వు కట్టినవ్. ఆమె ఉంటే, గది నీకే ఇచ్చి బయట కూసునేది."

రజిత పరదా మడత సరిచేసి, అక్కకు ఫోన్ చేసింది. సున్నం పని అయిపోయిందని చెప్పింది.

అక్క వచ్చింది, తుమ్మింది, గదంతా కలియచూసి, చాచా కొత్తగా అల్లిన కేన్ కుర్చీలో కూర్చుని లేవనంది. పోయేటప్పుడు కొలత కోసం చీర అంచు ఒకటి అడిగి తీసుకుపోయింది.

తర్వాత నేను ఆ మూడు చోట్లకూ వెళ్లి అడిగాను. అమ్మినవాళ్లకు ఒకరికొకరు తెలియదు. ఒక ఇంటి సామాను ఒకే ఊరి చుట్టూ తిరిగి ఒకచోట కలిసింది, సరే అనుకుందాం. కానీ సామాను కన్నా ముందు గీతలు వచ్చాయి.

మొన్న రజితను ఉడికిద్దామని, "అంతా టీచరమ్మ చెప్పింది, నువ్వు రాసినవ్. గీత గియ్యకుండ నీ అంతట నువ్వు తెచ్చుకున్నది ఏమన్న ఉన్నదా గీ ఇంట్ల?" అన్నాను.

ఆమె నీలం స్టూల్ మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తకుండానే అంది:

"ఉన్నవ్ కదా నువ్వు. అందుకే ఏడ కూసున్నా అడ్డమే."