మాగాయ అర

ఆ బీరువా మీద నాకు ఇప్పటికీ కోపమే. కట్టె మీద కోపమేమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

అరవైల చివర్లో మావారికి పటాన్‌చెరు దగ్గర కర్మాగారంలో ఉద్యోగం వస్తే కృష్ణా జిల్లా నుంచి లారీలో సామానేసుకుని దిగాము. మా అందరికంటే భద్రంగా దిగింది అత్తగారి మడి బీరువా. నడుమెత్తు, టేకుచెక్క, రెండు తలుపులు. వండిన అన్నం, పెరుగు, ఊరగాయ జాడీలు అన్నీ అందులోనే. మడి కట్టుకున్నవాళ్ళు తప్ప ముట్టకూడదు. నెలలో ఆ మూడు రోజులూ నేను దాని ఛాయలకే పోకూడదు. ఊళ్ళో అయితే దూరంగా కూర్చోవడానికి పెరటి వసారా ఉండేది. రెండు గదుల క్వార్టర్లో ఏముంది? స్నానాల గది గుమ్మం ముందు ఒక గోనెపట్టా. ఆ తడిలోనే కూర్చునేదాన్ని.

ఒకసారి అలా కూర్చున్న రోజునే అత్తగారు బీరంగూడ గుడికి వెళ్ళారు. మావారు డ్యూటీలో ఉన్నారు. ఏడేళ్ళ మా అమ్మాయి బడి నుంచి వచ్చి ఆకలన్నది. బడిబట్టలతో నువ్వూ ముట్టకూడదు, నాన్న వచ్చేదాకా ఆగు అన్నాను.

"బీరువాకి తాళం లేదుగా అమ్మా?"

లేదు. తాళం నేనే. పిల్ల మంచినీళ్ళు తాగి పడుకుంది. ఛీ, ఏం బతుకు! అత్తగారిని తిట్టుకోవడం తేలికే కానీ, ఆ రోజు పిల్లను పస్తు పెట్టింది నేను.

అయిదేళ్ళకు మావారు జాలీ తలుపుల ఇనప బీరువా కొన్నారు. అన్నం, జాడీలు, వాటితోపాటు మడీ అందులోకి మారాయి. పాతదాన్ని ఊళ్ళో పెద్దకొడుకు ఇంటికి పంపమన్నారు అత్తగారు. అంటే ఇక మా తోడికోడలి నెత్తిన. చస్తే పంపనన్నాను. స్నానాల గదిలో కొత్త సింకు పెట్టించుకుంటున్నాం, దాని కింద స్టాండుగా ఇదే ఉంటుందన్నాను.

"నీ చేతులు పడిపోను! మడి బీరువా స్నానాల గదిలోనటే?"

"పడిపోయేలోగా పని కానిస్తాను లెండి."

మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆయనకు తెలిసిన విద్య అదొక్కటే. నా పట్టుదల సింకు కోసం కాదు. పిల్లకు పన్నెండో ఏడు వచ్చింది. ఆ గోనె మీద అది కూర్చోకూడదు.

పక్క ఊరు కంది నుంచి వచ్చిన వడ్రంగి పైచెక్కను సింకు పట్టేలా గుండ్రంగా కోసి, వాసన చూసి తల అడ్డంగా తిప్పాడు. "గిది నూనె తాగిన కట్టెనమ్మా. గిట్లనే రంగేస్తే నిలువది. సోడా ఏసి ఉడుకునీళ్ళతోని మంచిగ కడగాలె, ఎండబెట్టాలె, మల్ల గీకాలె. జెర ఓపిక వడ్తది."

ఓపికా? నా దగ్గర పద్నాలుగేళ్ళ కోపం ఉంది.

కావాలనే ఆ మూడు రోజులే పని పెట్టుకున్నాను. ఎలాగూ వంట లేదాయె. వాకిట్లో నలుగురూ చూస్తుండగా సోడాతో తోమాను, గరుకు కాగితంతో గీకాను. ఇంగువ, మాగాయ నూనె గోళ్ళలోకి దిగాయి. వేళ్ళు పగిలాయి. అత్తగారు కిటికీలోంచి శాపనార్థాలు పెడుతూనే ఉన్నారు. పటాన్‌చెరు బజారులో దొరికింది మిషన్లకు వేసే ఆకుపచ్చ రంగొక్కటే. అదే రెండు పూతలు వేశాను. చూడ్డానికి ఘోరంగా ఉంది. నాకు మాత్రం నచ్చింది.

ఏడాది తిరక్కముందే మా అమ్మాయి పెద్దమనిషయింది. బిక్కమొహంతో బడి నుంచి వచ్చింది. అత్తగారు క్షణంలో గోనెపట్టా తెచ్చి ఆ గుమ్మంలో పరిచారు. నా ఒళ్ళు మండిపోయింది. పట్టా లాగి పెరట్లోకి విసిరికొట్టాను. పిల్లను సింకు దగ్గర మొహం కడుక్కోమని, ఎండలో ఆరేసిన పాతచీర గుడ్డలు మడతపెట్టి, ఆకుపచ్చ తలుపు తీసి పై అరలో పెట్టాను. మా రోజుల్లో వాటిని ఎవరి కంటా పడకుండా దడి వెనక దాచుకునేవాళ్ళం.

"అది మాగాయ అర కదే," అన్నారు అత్తగారు.

"ఇప్పుడు మీ మనవరాలిదండీ."

పిల్ల మొహం తుడుచుకుంది. "అమ్మా, ఆకలేస్తోంది."

"అన్నం ఇనప బీరువాలో ఉంది. వెళ్ళి పెట్టుకో."

పిల్ల ఆ బీరువా ముందు నిలబడి వాళ్ళ నాయనమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత తలుపు తీసింది.