ఒంటి గ్లాసు

లేదమ్మలూ, అది అమ్మేది కాదు. వీడియో కాల్‌లో నా వెనకాల అద్దాల బీరువాలో కనిపించిందన్నావే, ఆ గులాబీరంగు గ్లాసు. మిగతా వాటన్నిటికీ ధర చీటీ అంటించి, దాన్నొక్కదాన్నే ఎందుకు వదిలేశావని అడిగావు. చెప్తాను. తమ్ముణ్ణి కూడా పిలువు.

పాత రంగు గాజు సామాను కొని అమ్ముతానని మీకు తెలుసు. ఏలూరులో పాత ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళు కబురు పెడతారు. షర్బత్ సెట్లు, నీలం కూజాలు, ఆకుపచ్చ పూలసీసాలు. అంచు చుట్టూ వేలు తిప్పితే పెచ్చు ఊడిందో లేదో తెలిసిపోతుంది. బోర్లిస్తే అడుగున సన్నటి గీతలు కనబడాలి, ఏళ్ళ తరబడి వాడారనడానికి అదే గుర్తు. అన్నిటికంటే ముందు చూసేది జత. సెట్టు విడిపోయి ఒక్కటే మిగిలితే దాన్ని 'ఒంటిది' అంటాను. ఒంటిదాన్ని ఎవరూ కొనరు. అనీ అనీ ఆ మాట నా నోట్లో అరిగిపోయింది.

పెదపాడు అవతల చేపల చెరువుల పక్కన ఒక వదినగారున్నారు. సొంత వదిన కాదు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు వెనక వీధిలో అద్దెకున్నప్పుడు పక్కింటావిడ, పిలుపుల చుట్టరికం. వాళ్ళాయన పోయారు. పెద్దకర్మ అయ్యాక చూడ్డానికి వెళ్ళాను. అలాంటి ఇంట్లోంచి వచ్చేటప్పుడు 'వెళ్ళొస్తాను' అనకూడదు కదా, బస్సులో దారి పొడుగునా అదే గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను.

ఆవిడ మజ్జిగ ఈ గ్లాసులోనే ఇచ్చారు. తాగాక నా చెయ్యి ఊరుకుంటుందా? బోర్లించి చూశాను.

"మీ బుద్ధి పోనిచ్చుకున్నారు కాదు" అని నవ్వారు. నేనొచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు. "మీ అన్నయ్యగారూ నేనూ ఎండాకాలం సాయంత్రాలు ఇలాంటి రెంటిలోనే షర్బత్ తాగేవాళ్ళమండీ. రెండోది మొన్న జనంలో ఎవరి చెయ్యి తగిలిందో, పగిలింది."

గ్లాసు వైపు చూస్తూ, "ఇక ఇప్పుడు దీనికేమైనా విలువుంటుందంటారా?" అన్నారు.

"ఒంటిది కదండీ" అన్నాను, అంచు మీద వేలు తిప్పుతూనే. "జత పోయాక విలువేముంటుంది? ఎవరింట్లోనో ఓ మూల పడుండాల్సిందే."

పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న వదినగారి తోడికోడలి చెయ్యి ఆగిపోయింది. నన్ను కాపాడదామనుకుంది పాపం. "ఆవిడ గాజు సంగతి అంటున్నారులే అక్కా" అంది.

గాజు అన్న మాట చెవిన పడగానే, నేనాపుకునేలోగా నా కళ్ళు వదినగారి చేతుల మీదికి పోయాయి. బోసి చేతులు. ఆవిడ వాటిని మెల్లిగా కొంగు కిందికి తీసుకున్నారు.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సర్దిచెప్పబోతే మాట ఇంకా పాడవుతుందని భయం. వదినగారే లేచి, గ్లాసు కడిగి, పాత తువ్వాలు ముక్కలో చుట్టి నా సంచిలో పెట్టారు.

"ఉంచండి. ఇన్ని గ్లాసులు చూస్తారు, దీని జత మీకైతే దొరుకుతుందేమో."

వేళాకోళమో నిష్ఠూరమో తెలియలేదు. ఆ కంగారులో గుమ్మం దాటుతూ "వెళ్ళొస్తానండీ" అని అది కూడా అనేశాను.

ఇప్పుడు ఎవరైనా జత లేని గ్లాసు తెస్తే 'ఒక్కటే ఉందండీ' అంటాను. ఆ పాత మాట నోటిదాకా వచ్చి సిగ్గుతో వెనక్కి పోతుంది. ఆవిడకి ఫోన్ చేసి ఒకసారి అడిగేశాను కూడా. "చేపల లారీ వెళ్తోంది, వినపడట్లేదండీ. మీ మోకాళ్ళెలా ఉన్నాయి?" అన్నారు. నాకైతే ఏ లారీ చప్పుడూ వినపడలేదు. మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు.

నేనడిగింది ఇంతేనర్రా: "వదినగారూ, ఆ రోజు విలువుంటుందా అన్నది మీరు గ్లాసు గురించేనా?"